మునిగిన ఊరి మొసలి

కొత్త ఏటిగడ్డపల్లి,
కొల్లాపూర్ మండలం,
12-4-87

జాహేదా ఆపాకు,

చెల్లెలు హసీనా సలాములు. పోయిన ఉత్తరంలో జంగమ్మ ఎలా ఉందని అడిగావు. ఆమెకు ఇష్టమని చింతకాయ తొక్కు పంపిస్తానన్నావు. పంపించకు ఆపా. జంగమ్మ లేదు. మంగళవారం పొద్దున ఆమెను మొసలి తీసుకుపోయింది.

మా ఆయన, కురుమయ్య అన్న ఒకే పుట్టి పడవ మీద చేపలు పడతారు కదా. అట్లాగే కురుమయ్య భార్య జంగమ్మా నేనూ కలిసే నీళ్ళకు పోతాం. కొత్త ఊరి బోరింగులో ఉప్పు నీళ్ళు పడ్డాయి. పప్పు ఉడకదు, దాహం తీరదు. అందుకని ఏటికే పోతున్నాం. నేను బిందె నింపుకుని ఒడ్డుకు వచ్చి నెత్తి మీద చుట్టకుదురు సర్దుకుంటున్నాను. ఆమె మోకాళ్ళ లోతులో వంగి ఉంది. నీళ్ళలో పెద్ద చప్పుడేమీ కాలేదు. ఆమె నా వైపు చూసి "హసీనా" అన్నది. అరవలేదు. రోజూ పిలిచినట్టే పిలిచింది. నేను బిందె పడేసి నీళ్ళలోకి దిగేసరికి అక్కడ ఎవరూ లేరు.

మగవాళ్ళు పుట్టి వేసి గడలతో ఏరంతా వెతికారు. బిందె దొరికింది. రెండు రోజుల తర్వాత చీర కొంగు ముక్క దొరికింది. అంతే. కురుమయ్య తల్లి నర్సింగమ్మ ఒక్క ఎముకైనా దొరుకుతుందని ఒడ్డున కూర్చుని లేవడం లేదు. "ఒక్క బొక్కన్న దొర్కాలె బిడ్డా. మట్టిల వెట్టకపోతే అది ఏడ తిరుగుతదో" అంటుంది. కురుమయ్య అన్నం ముట్టడం లేదు.

అటవీ శాఖ జీపు వచ్చింది, జంగ్లాత్ వాళ్ళు. ఆఫీసరు దిగి ఏటి వైపు చూసి, "మొసలిని ముట్టుకుంటే జైలే. బోను తెప్పిస్తం, ఓపిక పట్టుర్రి" అన్నాడు. కురుమయ్య లేచి, "సారూ, నీళ్ళు తాగకుండ ఎన్ని దినాలు ఓపిక పట్టాలె?" అని అడిగాడు. ఆఫీసరు జీపెక్కాడు.

ఇప్పుడు ఆడవాళ్ళమంతా గుంపుగా పోయి, పళ్ళాలు కొడుతూ నీళ్ళు ముంచుకుంటున్నాం. వంగినా నా కళ్ళు నీళ్ళ మీదనే ఉంటాయి.

ఆపా, ఒక మాట. మా ఆయన, కురుమయ్య ఇద్దరూ ఆ మొసలిని పట్టాలని అనుకుంటున్నారు. ఇద్దరికీ వేట తెలియదు. జీవితంలో చేప కంటే పెద్దదాన్ని చంపిన వాళ్ళు కారు. మీ ఇంటాయన, మా దూలాభాయ్, లాంచి నడుపుతాడు కదా, ఆయనకు ఏటి మనుషులు తెలుసు. మొసలిని ఎలా పడతారో ఎవరినైనా అడిగి రాయి.

నీ హసీనా


నందికొండ, పైలాన్ కాలనీ,
22-4-87

హసీనాకు,

నీ ఉత్తరం చదివి పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి మర్చిపోయాను. జంగమ్మ నా పెళ్ళిలో మన ఇంటి అరుగు మీద కూర్చుని పొద్దుపోయేదాకా పాటలు పాడింది. ఆ గొంతు ఇంకా చెవిలో ఉంది. నర్సింగమ్మకు నా తరఫున ఏం చెప్పాలో తెలియడం లేదు. ఆమె పక్కన కాసేపు కూర్చో.

మొసలిని పట్టే సంగతి మాత్రం మరిచిపోండి. మీ దూలాభాయ్ వినగానే, "సర్కారు నౌకరీల ఉన్నోణ్ణి, నా ముంగట ఆ మాట తియ్యకు" అన్నాడు. తర్వాత మనసాగక లాంచీల దగ్గర వలలు అల్లే గుర్వయ్య అనే ముసలాయనను అడిగాడు. చట్టం రాకముందు ఆయన తోళ్ళ కోసం మొసళ్ళను పట్టేవాడట. ఆయన చెప్పిందంతా రాస్తున్నాను. ఇది విని మీ వాళ్ళు బుద్ధి తెచ్చుకోవాలి.

మొసలికి ఒక్క లావు తాడు కడితే కొరికి తెంపుతుందట. సన్న తాళ్ళు ఎన్నో కలిపి, పేనకుండా వదులుగా కడితే పళ్ళ సందుల్లోకి పోయి తెగవట. గాలానికి మేక పేగులు చుట్టి, అది ఎండకు పడుకునే చోటికి దగ్గరగా వేయాలట. మింగిన వెంటనే లాగకూడదట. అది అలిసేదాకా తాడు వదులుతూ, బిగిస్తూ ఉండాలట. గుర్వయ్య మొదటి వేటకు తన చిన్నాయన కొడుకుతో పోయాడు. వదిలే తాడు చుట్ట ఒకటి ఆ పిల్లవాని కాలికి పడింది. గుర్వయ్య చూస్తూ ఉండగానే ఆ పిల్లవాడు నీళ్ళలోకి పోయాడు. "కొత్తగ పోయినోడు మొసలి దిక్కే సూస్తడమ్మా, కాళ్ళ కింద సూడడు" అన్నాడట.

హసీనా, మనకు అబ్బా లేడు, అమ్మీ లేదు. నాకు నువ్వే ఉన్నావు. దస్తగిరికి ఏమైనా అయితే నువ్వు ఎక్కడ బతుకుతావు? ఇద్దరూ ఇక్కడికి వచ్చేయండి. మా క్వార్టరులో వెనక రేకుల గది ఖాళీగా ఉంది. ఇక్కడ నల్లా తిప్పితే నీళ్ళొస్తాయి.

నీ ఆపా
జాహేదా


కొత్త ఏటిగడ్డపల్లి,
6-5-87

ఆపాకు సలాములు.

నువ్వు భయపెట్టాలని రాశావు. నేను ఆ ఉత్తరాన్ని ఇద్దరికీ చదివి వినిపించాను. తాళ్ళ సంగతి వచ్చేసరికి మా ఆయన, "మల్లొక్కసారి చదువు" అన్నాడు. మళ్ళీ చదివాను. కాలికి తాడు పడ్డ సంగతి దగ్గర కురుమయ్య, "గట్లయితే తాడు సూసుకునేటందుకు ఇంకో మనిషి ఉండాలె" అన్నాడు. మాకు నువ్వు వేట నేర్పావు ఆపా. తప్పు నాదే, ఉత్తరం చదవకుండా ఉండాల్సింది.

నందికొండకు రమ్మంటావు. నేను వస్తే బాలవాడి పిల్లలకు గంజి ఎవరు కాస్తారు? మేము వస్తే ఊరు ఊరంతా వస్తుందా? ఒకసారి నీళ్ళు తరిమితే ఇక్కడికి వచ్చాం. మళ్ళీ ఎక్కడికని పోవాలి?

ఎండలకు ఏరు తగ్గింది. డ్యాం నీళ్ళలో మునిగిన పాత ఊరు తేలింది. నువ్వు చూసి మూడేళ్ళు దాటింది కదా, గుర్తుపట్టలేవు. గోడలన్నీ నాని కూలిపోయాయి. మసీదు మెట్లు, చావడి స్తంభాలు, మన ఇంటి అరుగు మాత్రం నిలిచాయి. అబ్బా షాబాదు బండలు తెచ్చి కట్టించాడు కదా, ఒక్క బండా కదలలేదు. ఆ మొసలి రోజూ పొద్దు పొడిచాక వచ్చి ఆ అరుగు మీదనే పడుకుంటుంది. నేను ఒడ్డు మీది నుంచి చూస్తాను. నోరు తెరుచుకుని, కళ్ళు మూసుకుని, మన ఇంటి ముందు పడుకుంటుంది.

గాలం తయారైంది. కమ్మరి ఐలేశం విరిగిన బండి ఇరుసును కాల్చి వంచాడు. మా ఆయన దేనికో చెప్పబోతే, "నువ్వు చెప్పకు, నేను ఇనను. జంగమ్మ కొడవండ్లన్నీ నా కొలిమిల పుట్టినయే" అన్నాడు. తాళ్ళు నేనూ మా ఆయనా కూర్చుని కట్టాం. బీడు పొలంలో ఒక తుమ్మ మొద్దును గాలానికి తగిలించి ఇద్దరూ లాగడం నేర్చుకుంటున్నారు. చూసేవాళ్ళకు నవ్వులాటగా ఉంటుంది. కురుమయ్య ఇంకా సరిగ్గా తినడం లేదు. మధ్యలో ఆగి ఏటి వైపు చూస్తాడు. మా ఆయన, "తిను కురుమయ్యా. తినకపోతే దాన్నేం గుంజుతవ్" అని రొట్టె తుంచి చేతిలో పెడతాడు.

ఒక రాత్రి మా ఆయనను అడిగాను, కోపంతోనా ఈ పని అని. "కోపం నాకున్నది. వానికి లేదు. వానికి ఆమె కాలి కడియమన్న కావాలె, పాతిపెట్టేటందుకు" అన్నాడు.

తాడు చూసుకునే ఆ మూడో మనిషిని నేనే. ఈ మాట నీకు చెప్పకూడదనుకున్నాను. చెప్పకుండా ఉండలేకపోయాను.

నీ హసీనా


నందికొండ,
13-5-87

హసీనాకు,

నీ ఉత్తరం అందింది. ఇంక నేను వద్దని చెప్పను. చెప్పినా వినవు.

ఏ రోజు పోతున్నారో, ఏ పొద్దుకు పోతున్నారో రాయి. ఆ పొద్దున నమాజులో మీ కోసం దుఆ చేస్తాను. అరుగు దగ్గరికి ఏ దిక్కు నుంచి పోతారో కూడా రాయి. నా మనసులో మీరు ఎక్కడున్నారో తెలిస్తే నాకు కొంచెం ధైర్యంగా ఉంటుంది.

వెంటనే రాయి.

నీ ఆపా


కొత్త ఏటిగడ్డపల్లి,
18-5-87

ఆపాకు,

నీ ఉత్తరం చూసి ఏడ్చాను. నువ్వు కూడా మా వైపు ఉన్నావన్న మాట ఎంత బలమిచ్చిందో చెప్పలేను. మా ఆయనకు చెబితే ఆయన ముఖం కూడా తేటపడింది. "మీ అక్క దుఆ చేస్తదంటే సగం పని అయినట్టే" అన్నాడు.

ఈ నెల ఇరవై ఐదు, సోమవారం. తెల్లవారుతుండగా తుమ్మల దారిన పుట్టి మోసుకుని పోయి, మసీదు మెట్ల దగ్గర నీళ్ళలో వేస్తాం. పొద్దు పొడిచి అది అరుగు మీదికి రాకముందే గాలం వేసి, తాడును ఎండిన చింత మొద్దుకు కట్టాలి. నేను మొద్దు దగ్గర ఉంటాను.

కురుమయ్య నిన్న మొదటిసారి కడుపునిండా తిన్నాడు. నర్సింగమ్మ ఏటి ఒడ్డు విడిచి ఇంటికి వచ్చి, వాకిలి ఊడ్చి అలుకు చల్లింది. ఊరిలో ఎవరూ నోరు విప్పి మాట్లాడరు గానీ అందరికీ తెలుసు. బిక్షమ్మ అవ్వ నా చెయ్యి పట్టుకుని, "పైలంగ పోయిరా బిడ్డా, మమ్ముల నీళ్ళు తాగనియ్యి" అన్నది.

భయం లేదని చెప్పను. కానీ జంగమ్మ పిలిచిన పిలుపు రోజూ వినేకంటే ఈ భయమే మేలు.

హసీనా


కొత్త ఏటిగడ్డపల్లి,
3-6-87

ఆపాకు,

నీ దుఆ అందలేదు.

మేము మసీదు మెట్ల దగ్గరికి చేరి గాలానికి పేగులు చుడుతున్నాం. తుమ్మల్లోంచి జంగ్లాత్ వాళ్ళు లేచి వచ్చారు. ముందే వచ్చి కూర్చున్నారు ఆపా. జీపును కంప చాటున పెట్టి, మా కోసమే కూర్చున్నారు.

"సర్కారు జాగల మీకేం పని?" అన్నాడు వాళ్ళలో పెద్దవాడు.

"ఇది మా ఊరు సారూ. గది మా ఇల్లు. గీమె వాళ్ళ నాయిన కట్టిండు ఆ అరుగు" అని మా ఆయన చూపించాడు.

"ఊరుండె. ఇప్పుడు లేదు" అన్నాడు.

ఇద్దరి చేతులూ మా తాళ్ళతోనే కట్టారు. నా వైపు చూసి, "ఆడమనిషివి, నువ్వు ఇంటికి పో" అన్నారు. గాలం తీసుకున్నారు. పుట్టిని జీపు మీదికి ఎక్కించి కట్టారు. జీపు ఎక్కిస్తుంటే కురుమయ్య మెడ తిప్పి అరుగు వైపు చూశాడు. పొద్దు పొడిచింది. మొసలి వచ్చి పడుకుంది. ఇంతమంది ఉన్నా, జీపు చప్పుడు చేసినా అది కదలలేదు.

ఇప్పుడు ఇద్దరూ జైలులో ఉన్నారు. చూడటానికి పోతే మా ఆయన నవ్వబోయాడు, నవ్వు రాలేదు. పెదవి వాచి ఉంది. ఎట్లా అయిందని అడిగితే, "పడ్డ" అన్నాడు.

ఎవరో ముందే చెప్పారు. ఐలేశం ఆ ముందు రోజుల్లో బొగ్గులకని కొల్లాపూర్ పోయి వచ్చాడు. అందుకని ఊరంతా ఆయననే అంటుంది. ఎవరూ కొలిమికి పోవడం లేదు. ఎవరో ఆయన కొలిమి తిత్తిని కత్తితో కోశారు. నేను కూడా నిన్న ఆయన ఎదురైతే తల తిప్పుకున్నాను. జంగమ్మ పేరు చెప్పి గాలం చేసిచ్చి, అదే నోటితో పట్టిచ్చాడు. మనుషులు ఇట్లా ఎట్లా ఉంటారు ఆపా?

దూలాభాయ్‌ను పంపించు. జామీనుకు ఎవరూ లేరు.

హసీనా


నందికొండ,
10-6-87

హసీనాకు,

మీ దూలాభాయ్ సెలవు పెట్టి ఈ పొద్దు బస్సుకే బయలుదేరుతున్నాడు. ఈ ఉత్తరం ఆయన చేతికే ఇస్తున్నాను. జామీను ఆయన చూసుకుంటాడు. నువ్వు ఫికర్ చేయకు. దస్తగిరి పెదవికి పసుపు పెట్టు.

ఐలేశం మీద నింద వేయకండి. ఆయన చెప్పి ఉండడు. నీకు ఎలా తెలుసని అడగకు. ఊరి వాళ్ళకు నువ్వు చెబితే వింటారు, చదువుకున్నదానివి. ఆయన కొలిమికి పనులు ఇమ్మని చెప్పు.

దస్తగిరి ప్రాణంతో ఉన్నాడు. అదొక్కటే తలుచుకో.

జాహేదా


కొత్త ఏటిగడ్డపల్లి,
9-3-88

జాహేదా ఆపాకు,

ఇన్నాళ్ళు రాయలేదు. రాయడానికి ఏమీ లేకపోయింది. పేషీలకు తిరుగుతున్నారు. పుట్టి తిరిగి ఇవ్వలేదు. మా ఆయన రోడ్డు పనిలో కంకర కొడుతున్నాడు. కురుమయ్య ఏ పనికీ పోడు. బోను రాలేదు. వానలకు నీళ్ళు ఎక్కి మొసలి ఎటో పోయిందనుకున్నాం.

నిన్న బిక్షమ్మ అవ్వను తీసుకుపోయింది. అదే జాగాలో.

పోయిన ఏడు మమ్మల్ని ఆ పొద్దు ఆపకపోతే అవ్వ ఈ రోజు ఉండేది. ఐలేశం వాకిట్లో నిలబడి ఊరంతా మన్ను పోసింది. ఆయన లోపల నుంచి బయటికి రాలేదు. నేను పోయలేదు. కానీ వద్దని కూడా అనలేదు.

హసీనా


నందికొండ,
16-3-88

హసీనాకు,

ఐలేశం కాదు. నేను.

ఇక్కడ ఒక జంగ్లాత్ ఆఫీసరు భార్యకు జాకెట్లు కుట్టి ఇస్తుంటాను. పోయిన ఏడు నువ్వు రోజు రాసిన ఉత్తరం అందిన నాడే ఆమె ఇంటికి పోయి అంతా చెప్పాను. సోమవారం అని, తుమ్మల దారి అని, మసీదు మెట్లు అని. ఆమె భర్త నా ముందే ఫోను చేశాడు. "భయపెట్టి ఇంటికి పంపిస్తరు, అంతే కదమ్మా" అని నేను రెండు మూడు సార్లు అడిగాను. ఆమె అవునన్నది. మీ దూలాభాయ్‌కు తెలియదు. ఇప్పటికీ తెలియదు.

దుఆ కోసమని అడిగి నీ దగ్గర రోజు తెలుసుకున్నాను. నువ్వు ఏడ్చానని రాసిన ఉత్తరం నా దగ్గరే ఉంది. దాన్ని మళ్ళీ చదవలేకపోయాను.

గుర్వయ్య సంగతి మీకు రాశాక నాకు నిద్ర పట్టలేదు. నువ్వు తాడు దగ్గర నిలబడతానని రాశావు. కళ్ళు మూస్తే నీ కాలికి తాడు కనిపించేది. మొసలి బతికితే ఏమవుతుందో నేను ఆలోచించలేదు. నువ్వు బతకాలని మాత్రమే ఆలోచించాను. మళ్ళీ అదే రోజు వచ్చినా అదే చేస్తానేమో. అబద్ధం చెప్పను.

కానీ బిక్షమ్మ అవ్వ నా చిన్నప్పుడు నాకు ఈత నేర్పింది. ఆ ఏటిలోనే, నా నడుముకు సొరకాయ బుర్ర కట్టి. ఆమె చావు నా మీద ఉంది. ఐలేశం కొలిమి చల్లారడం నా మీద ఉంది. ఈ సంగతి నువ్వు ఊరిలో చెప్పు. నా పేరు పెట్టి చెప్పు. దస్తగిరికి ముందు చెప్పు. ఆ తర్వాత నాకు రాయాలనిపిస్తే రాయి, లేకపోతే లేదు.

జాహేదా


కొత్త ఏటిగడ్డపల్లి,
29-5-88

ఆపాకు,

ఎన్నోసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తాను.

నీ ఉత్తరం మా ఆయనకు చదివి వినిపించాను. ఆయన లేచి బయటికి పోయి, ఐలేశం కొలిమి ముందు కూలబడ్డాడట. ఐలేశం తలుపు తీసి, "నువ్వు గూడ మన్ను పోయనీకి వచ్చినవా?" అన్నాడట.

"లేదు. చెప్పింది ఎవరో తెల్సింది. మా ఇంటామె అక్క."

ఐలేశం వచ్చి ఆయన పక్కన కూర్చున్నాడట. తర్వాత, "భయానికి చెప్పుంటది. ఆమెను ఏమనకు. నన్ను అన్నోళ్ళకు మాత్రం నువ్వే పోయి ఇంటింటికి చెప్పు" అన్నాడట. మా ఆయన ఇంటింటికీ తిరిగి చెప్పాడు. నేనూ వెంట తిరిగాను. కొందరు తల వంచుకున్నారు. కొందరు ఇప్పటికీ నమ్మడం లేదు. తిత్తి కోసిన మనిషి ఎవరో బయటపడలేదు గానీ, ఒక పొద్దున కొలిమి ముందు కొత్త తోలు పెట్టి ఉంది. ఐలేశం ఆ తోలుతో తిత్తి కుట్టుకుని, మొట్టమొదట చేసిన పని మళ్ళీ ఒక గాలం.

నీ గురించి మా ఆయన, "ఆమెను ఇప్పుడు రావొద్దను" అన్నాడు. నేను ఏమనాలో నాకు తెలియడం లేదు. నీ మీద కోపంతో నిద్రపోతాను, లేచేసరికి నువ్వు గుర్తుకొస్తావు.

ఈసారి ఎవరికీ చెప్పలేదు. నీకూ రాయలేదు. పుట్టి లేదు కనుక నీళ్ళు బాగా తగ్గేదాకా ఆగి, నడిచే పోయాం. గాలాన్ని అరుగు కిందనే వేశాం. పొద్దెక్కాక అది వచ్చింది. చాలాసేపు పేగుల పక్కనే పడుకుంది. తర్వాత ఒక్కసారి తల తిప్పి మింగింది. తాడు నా ముందు నుంచి పాములా పరుగెత్తింది. ఒక చుట్ట జారి మా ఆయన మడమ మీద పడింది. నేను కాలితో తన్నాను, అది పక్కకు పోయింది. ఆయనకు ఆ సంగతి తెలియనే తెలియదు. ఇప్పటికీ చెప్పలేదు.

పొద్దు నడినెత్తికి వచ్చేదాకా లాగారు. మా ఆయన అరచేతుల్లో తోలు లేదు. చివరికి బురదలోకి వచ్చి పడింది. కురుమయ్య గొడ్డలితో మెడ వెనక కొట్టాడు. అది చచ్చాక కూడా కొడుతూనే ఉన్నాడు. మా ఆయన వెనక నుంచి పట్టుకుని ఆపాడు.

నర్సింగమ్మ చాటలో పసుపు కుంకుమ, కొత్త గుడ్డ పెట్టుకుని వచ్చింది. కురుమయ్య కడుపు కోశాడు. లోపల చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, మెల్లగా వెతికాడు. రాళ్ళు వచ్చాయి. చేప ముళ్ళు వచ్చాయి. ఒక మేక మెడ గంట వచ్చింది. ఇంకేమీ రాలేదు. జంగమ్మ కడియాలు లేవు. బిక్షమ్మ అవ్వ చేతికుండే ఇత్తడి మురుగు కడియం లేదు. కురుమయ్య మళ్ళీ చెయ్యి పెట్టాడు. మళ్ళీ పెట్టాడు.

"గిది కాదా?" అని నర్సింగమ్మ అడిగింది.

"ఏమో అమ్మా. ఇదే కావచ్చు. ఇంకోటి కావచ్చు" అన్నాడు కురుమయ్య.

ఆమె చాట కింద పెట్టి కొత్త గుడ్డను మడిచి కొంగులో దోపుకుంది. ఎవరూ ఏడవలేదు. జీపు వస్తుందేమోనని దాన్ని అక్కడే గుంత తీసి పూడ్చాం.

మర్నాడు పొద్దున ఆడవాళ్ళమంతా బిందెలతో ఏటి దగ్గరికి పోయాం. మొసలి చచ్చిందని అందరికీ తెలుసు. ఒక్కరూ దిగలేదు. నేను కూడా దిగలేదు. అట్లా నిలబడి నీళ్ళ వైపు చూస్తున్నాం. ఇళ్ళలో పిల్లలు దాహానికి ఏడుస్తున్నారు. ఎవరూ ఎవరి ముఖం చూడటం లేదు.

అప్పుడు కురుమయ్య వచ్చాడు. భుజం మీద గొడ్డలి ఉంది. మా మధ్యలోంచి నడిచి నేరుగా నీళ్ళలోకి దిగాడు. నడుము లోతుకు పోయి, మాకు వీపు పెట్టి, ఏటి వైపు ముఖం పెట్టి నిలబడ్డాడు. "ముంచుకోర్రి" అన్నాడు. అంతే. మేము ఒక్కొక్కరం దిగి అతని వెనక ముంచుకున్నాం. అందరి బిందెలూ నిండేదాకా అతను కదలలేదు. ఆఖరి మనిషి ఒడ్డెక్కాక బయటికి వచ్చి ఇంటికి పోయాడు. ఆ రోజు నుంచి రోజూ వస్తున్నాడు.

నర్సింగమ్మను అడిగాను, కొడుకును వద్దనకూడదా అని. "ఒద్దంటే ఆగుతడా? ఎన్నడన్న వాణ్ణి తీస్కపోతే వాడన్న ఆమె కాడికి పోతడు" అన్నది. కళ్ళు పొడిగా ఉన్నాయి.

మొన్నటి నుంచి మా ఆయన కూడా దిగుతున్నాడు. కురుమయ్య పక్కన, ఇంకొంచెం లోతుకు. కంకర పనికి పోయేముందు వచ్చి నిలబడతాడు. అరచేతులు ఇంకా మానలేదు, గుడ్డలు చుట్టుకుని గొడ్డలి పట్టుకుంటాడు. నేను వద్దనలేదు ఆపా. ఆయన వీపు వెనక వంగి నా బిందె నేను ముంచుకుంటున్నాను. నీళ్ళలో ఏదైనా కదిలితే ఆయన భుజం బిగుసుకోవడం కనబడుతుంది. అయినా ముంచుకుంటున్నాను.

ఈసారి నువ్వు ఎవరికీ చెప్పి ఆపించలేవు. నీళ్ళలో నిలబడటం నేరం కాదు.

హసీనా